రోగం పేరు – కంప్యూటరు తెలివి

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

పచ్చకామెర్లు రోగమా, రోగ లక్షణమా? మన డెల్టా పల్లెల్లో ఎవర్నడిగినా "రోగమే, పసరు వేయించుకుంటే పోతుంది" అంటారు. డాక్టరు గారినడిగితే అది లక్షణం మాత్రమేనంటారు. కాలేయానికి వైరస్ సోకినా, పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, రక్తంలో ఎర్రకణాలు అతిగా పగిలిపోయినా కళ్ళు పచ్చబడతాయి. పేరు ఒక్కటే, కారణాలు మూడు, వైద్యాలు కూడా వేరు వేరు. డాక్టరు నాలుగు ప్రశ్నలు వేసి, రక్తం పరీక్ష చేయించి తేడా పట్టుకుంటాడు. మరి ఆసుపత్రి కాగితాలన్నీ ఎక్కించుకుంటున్న కంప్యూటరుకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? మనం నేర్పిన మేరకే తెలుస్తుంది. మనకు తెలిసినదాన్ని యంత్రం తర్కించడానికి వీలైన రూపంలో పెట్టడాన్ని నాలెడ్జ్ రిప్రజెంటేషన్ అంటారు. అందుకోసం ఒక రంగంలో ఏయే వస్తువులున్నాయి, వాటి మధ్య ఏయే సంబంధాలున్నాయి అని తయారుచేసే కట్టుదిట్టమైన పట్టికను ఆంటాలజీ అంటారు. వైద్యశాస్త్రంలో దీని ఉపయోగమేమిటో తోటి విద్యార్థులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన మాటల్లో ఉన్న చిక్కు

"గుండెల్లో మంట" అంటాం. అందులో గుండె తప్పు తరచుగా ఏమీ ఉండదు, కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నడమే కారణం. పక్షవాతం మెదడు రక్తనాళాలకు సంబంధించింది, కీళ్ళవాతం కీళ్ళకు సంబంధించింది. రెండింటిలోనూ "వాతం" అన్న మాట చూసి కంప్యూటరు వాటిని ఒకే గూటిలో పెడితే కొంప మునుగుతుంది. "ఆయనకు బీపీ ఉంది" అంటాం. బీపీ లేని మనిషి బతికుండడు గదా! ఇక క్షయ, టీబీ అని రెండు పేర్లు రాస్తే యంత్రం రెండు రోగాలనుకుంటుంది.

రైతు బిడ్డలకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమౌతుంది. వరికి వచ్చే ఎండాకు తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది. అగ్గి తెగులు, పాముపొడ తెగులు శిలీంధ్రాల వల్ల వస్తాయి. తాటాకు తెగులు అసలు రోగమే కాదు, హిస్పా అనే పెంకు పురుగు ఆకును గీకి తినడం. మన నోట్లో అన్నీ తెగుళ్ళే. పేరును నమ్మి ఒకదాని మందు మరొకదానికి కొడితే డబ్బూ పోతుంది, పైరూ పోతుంది. మనిషి విషయంలో పోయేది ప్రాణం.

పదార్థాలు, సంబంధాలు

ఈ విద్య పూర్తిగా పడమటి దేశాల నుంచి దిగుమతైందని అనుకోనక్కరలేదు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం పిల్లలకు తర్కం నేర్పే పుస్తకంగా దేశమంతా చెల్లింది. లోకంలో ఉన్నదంతా ఏడు పదార్థాల కింద అందులో విభజించారు: ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం. వస్తువు వేరు, దాని గుణం వేరు, దాని జాతి వేరు అని విడదీయడమే ఆంటాలజీకి కూడా తొలి మెట్టు.

నేటి వైద్య ఆంటాలజీలో ప్రతి భావానికీ ఒక అంకె ఇస్తారు. పేర్లు ఎన్నైనా ఉండొచ్చు, అంకె మాత్రం ఒక్కటే. తర్వాత సంబంధాలు రాస్తారు. వాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది "ఒక రకం". రైవస్ కాల్వ ఒక రకం సాగునీటి కాల్వ. కనుక సాగునీటి కాల్వల గురించి చెప్పిన సాధారణ సంగతులన్నీ, ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు పంట బోదెల దాకా దిగినట్లు, దానికీ దిగివస్తాయి. రెండోది "భాగం". ఆ రైవస్ కాల్వే తూర్పు డెల్టా కాల్వల వ్యవస్థలో ఒక భాగం. ఈ రెండింటినీ కలగాపులగం చేయకూడదు. గేదె ఒక రకం పశువు, అంచేత పశువులాగే అదీ మేత మేస్తుంది. కొమ్ము గేదెలో భాగమే గానీ కొమ్ము మేత మేయదు! మూడోది "కారణం". ఫలానా రోగానికి ఫలానా క్రిమి కారణం అని విడిగా రాయడం.

ఇలా రాసిపెట్టాక యంత్రం తనంతట తాను కొన్ని సంగతులు తేల్చగలదు. వెన్నెముక క్షయ ఒక రకం క్షయ అని, క్షయకు కారణం ఫలానా బాక్టీరియా అని చెప్పామనుకోండి. "ఆ బాక్టీరియా వల్ల బాధపడుతున్న రోగులందరినీ చూపించు" అంటే నడుంనొప్పితో ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళిన రోగి పేరు కూడా పైకి వస్తుంది. ఆ సంగతి మనం విడిగా ఎక్కడా రాయకపోయినా సరే.

ప్రపంచంలో జరిగిన పని

రోగాల పేర్లకు ఒక పద్ధతి పెట్టాలన్న ప్రయత్నం పాతదే. 1893లో ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ మరణ కారణాల అంతర్జాతీయ జాబితాను సమర్పించాడు. 1948 నుంచి ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకుంది. అదే పెరిగి పెరిగి ఐ.సి.డి. అయింది. దాని 11వ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఐ.సి.డి. ముఖ్యంగా లెక్క కోసం పుట్టింది. లెక్కలో ఒకణ్ణి రెండుసార్లు లెక్కించకూడదు. రేషన్ కార్డులాగన్నమాట: మనిషి పేరు ఒక్క కార్డులోనే ఉండాలి. కానీ బంధుత్వం లెక్క వేరు. అదే మనిషి ఒక ఇంట్లో కొడుకు, ఇంకో ఇంట్లో అల్లుడు. వెన్నెముక క్షయ కూడా ఇటు క్షయల్లో ఒకటి, అటు వెన్నెముక వ్యాధుల్లో ఒకటి. ఇలా రెండు వైపులా చుట్టరికం రాసుకోవడానికి వీలిచ్చేది స్నోమెడ్ సి.టి. అనే పదజాలం. ఇందులో మూడు లక్షలకు పైగా భావాలున్నాయి. భారతదేశం 2014లో దీని సభ్యదేశమైంది.

జీవశాస్త్ర విద్యార్థులకు దగ్గరైనది జీన్ ఆంటాలజీ. 1998లో పండుఈగ, ఈస్టు, ఎలుక మీద పనిచేసే శాస్త్రజ్ఞులు కలిసి దీన్ని మొదలుపెట్టారు. ఏ జీవిలోని జన్యువునైనా మూడు ప్రశ్నలతో వర్ణించాలన్నారు: దాని ఉత్పత్తి చేసే పనేమిటి, కణంలో ఎక్కడ చేస్తుంది, ఏ జీవన ప్రక్రియకు తోడ్పడుతుంది? మన బాపట్ల సాంబమసూరి (బి.పి.టి. 5204) ఎండాకు తెగులుకు తట్టుకోలేదని, హైదరాబాదులోని సి.సి.ఎం.బి., వరి పరిశోధన సంచాలనాలయం కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి మెరుగైన సాంబమసూరిని తయారుచేశాయి. ఆ మూడింటిలో ఒకటైన ఎక్స్‌ఏ-21 చేసే పని: కైనేజ్ ఎంజైము. చోటు: కణపు పొర. ప్రక్రియ: బాక్టీరియా నుంచి రక్షణ. మనిషి జన్యువునూ ఇవే మాటల్లో వర్ణిస్తారు కనుక వరి మడిలో తెలిసిన సంగతిని వైద్య పరిశోధకుడు కూడా వెదికి పట్టుకోగలడు.

మన గడప ముందు

ఇదంతా మనకెందుకు అనకండి. డెల్టాకు పైన మెట్ట ప్రాంతంలో, నేటి ఎన్టీఆర్ జిల్లాలోని ఎ. కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు జనాన్ని పీడిస్తోంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి అందరికీ తెలిసిందే. కారణం ఇదీ అని ఇంకా గట్టిగా తేలలేదు. ఇలాంటి చోట ఒక కాగితంలో "కాళ్ళవాపు" అని, ఇంకోదాంట్లో "కిడ్నీ ఫెయిల్" అని, మరోదాంట్లో "క్రియాటినిన్ ఎక్కువ" అని ఉంటే ఒకే రోగం మూడు ముక్కలౌతుంది. ఎంతమందికి వచ్చింది, ఏ నీళ్ళు తాగేవారికి వచ్చింది, ఏ పనిచేసేవారికి వచ్చింది అన్నది తేలదు. పోనీ అందరినీ "షుగర్ వల్ల వచ్చిన కిడ్నీ జబ్బు" గూట్లో వేస్తే ఇక ఎవరూ కారణం వెదకరు. అందుకని రోగం వేరుగా, దాని దశ వేరుగా, కారణం వేరుగా, రోగి తాగే నీరూ చేసే పనీ వేరుగా రాయాలి. కారణం తెలియకపోతే తెలియదనే రాయాలి.

ఇక్కడే అన్నంభట్టు ఏడో పదార్థం అభావం పనికొస్తుంది. నేల మీద కుండ లేదని తార్కికుడు ఎప్పుడంటాడు? ఉంటే కనిపించేదే, చూశాను, కనిపించలేదు అన్నప్పుడు. చూడకుండా లేదనడానికి వీల్లేదు. రోగి కాగితంలో షుగర్ మాట లేదంటే షుగర్ లేదని అర్థమా, పరీక్షే చేయలేదని అర్థమా? మంచి ఆంటాలజీలో ఈ రెండింటికీ వేరు వేరు చోట్లుంటాయి. రాయనిదాన్ని లేనిదిగా తీసుకుంటే బీదవాడికే అన్యాయం జరుగుతుంది, ఎందుకంటే పరీక్షలు చేయించుకోలేనిది అతనే.

2021లో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తున్నారు. సంఖ్య ఉన్నంత మాత్రాన సరిపోదు. ఒక ఆసుపత్రి రాసింది ఇంకో ఆసుపత్రికి అదే అర్థంలో చేరాలి. మన విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఆయుర్వేద, సిద్ధ, యునాని రోగాల పేర్లకు ఐ.సి.డి.-11లో చోటిస్తూ 2024 జనవరిలో ఒక విభాగం విడుదలైంది. కనుక ఆయుర్వేద వైద్యుడు చెప్పే వాతానికీ, మన ఊళ్ళో చెప్పే వాతానికీ తేడా కూడా ఇకముందు పట్టికలో కనబడాలి.

మిత్రులారా! ఈ పని ఇంజనీర్లు ఒక్కరే చేయగలిగేది కాదు. రోగి తన బాధను ఇంగ్లీషులో చెప్పుకోడు. "ఒళ్ళు తిమ్మిరెక్కుతోంది", "గుండె దడగా ఉంది", "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి" అని తెలుగులోనే చెబుతాడు. గుంటూరులో ఒకలా, దివిసీమలో ఒకలా, తండాలో లంబాడీ భాషలో ఇంకోలా చెబుతాడు. ఆ మాటలను సేకరించి, ఒక్కోదానికి ఎన్ని అర్థాలున్నాయో విడదీసి, సరైన అంకెకు ముడివేయడానికి రోగం తెలిసినవాడూ కావాలి, యంత్రం తెలిసినవాడూ కావాలి, పల్లె మాట తెలిసినవాడూ కావాలి. సైన్సు చదువుతూ సెలవులకు పొలం గట్టున తిరిగే మనలాంటివాళ్ళకు ఆ మూడో అర్హత పుట్టుకతోనే వచ్చింది. మిగిలిన రెండూ చదువుకుంటే వస్తాయి.