మూడో ఏడు డ్రైవరు జీతం ఎవరిస్తారు?

పోయినేడు మా నాన్నగారు న్యూ జెర్సీ వచ్చినప్పుడు, ఒక రాత్రి ఆయాసంతో లేచి కూర్చున్నారు. 911 నొక్కాను. నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. తేరుకున్నాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఒరేయ్, ఈ ఏర్పాటుకంతా డబ్బు ఎవరిస్తారురా?"

ఫోన్ బిల్లు చూపించాను. కాల్ అందుకునే వ్యవస్థ కోసం లైనుకు నెలకు 90 సెంట్లు.

"ఇది నడపడానికి సరే. అసలు మొదలెట్టింది ఎవరి డబ్బుతో?"

నాకు తెలియదు. వెతికితే జవాబులో కొంత పక్కనే, ప్రిన్స్‌టన్‌లో దొరికింది.

1960లలో అమెరికాలో చాలా ఊళ్ళలో అంబులెన్సులు నడిపింది అంత్యక్రియల వ్యాపారులే! మనిషిని పడుకోబెట్టగల పొడుగు బండి వాళ్ళ దగ్గరే ఉండేది మరి. 911కి మొదటి కాల్ 1968 ఫిబ్రవరి 16న, అలబామాలోని హేలీవిల్‌లో వెళ్ళింది. కానీ నంబరొక్కటే చాలదు. పోలీసులు, అంబులెన్సు, ఆసుపత్రి ఒకరితో ఒకరు మాట్లాడుకోగలగాలి. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ సమస్య. 1973లో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ ఇందుకోసం కోటీ యాభై లక్షల డాలర్లు కేటాయించింది. 44 ప్రాంతాలకు గ్రాంట్లు అందాయి. సగటున ఒక్కోదానికి మూడున్నర లక్షల లోపే. అదే ఏడాది ఫెడరల్ ప్రభుత్వమూ అత్యవసర వైద్య సేవలకు చట్టం చేసి నిధులిచ్చింది. ఫౌండేషన్ విత్తనం వేసింది, నీళ్ళు పోసే పని ప్రజాధనానిది.

మన 108 కథా ఇలాంటిదే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈఎమ్మారై అనే లాభాపేక్షలేని సంస్థ, సత్యం రామలింగరాజు కుటుంబం డబ్బుతో ఆ సేవ ప్రారంభించింది. 2009 జనవరిలో సత్యం కుప్పకూలింది. అయినా 108 నిలబడింది. అప్పటికే ఖర్చులో అధికభాగం ప్రభుత్వం భరిస్తోంది. ఆ ఏడాదే నిర్వహణ జీవీకే చేతికి వెళ్ళింది.

మనలో చాలామందిమి ఆఫీసు మ్యాచింగ్ గ్రాంటు కూడా కలిపి సొంత ఊరికి ఏదో ఒకటి కొనిస్తుంటాం. బండి కొనడం తేలిక. రిబ్బను కత్తిరించి ఫోటో దిగడం ఇంకా తేలిక. డీజిలు, టైర్లు, జీతాలు ఏటేటా వచ్చే ఖర్చులు.

మేం నలుగురు మిత్రులం కలిసి మా ఊరికి అంబులెన్సు కొనాలని డబ్బు పోగుచేశాం. ఇదంతా తెలిశాక, బండి నడుపుతామన్న సంస్థకు ఒకే ఒక్క ప్రశ్న రాశాం: "మూడో ఏడు డ్రైవరు జీతం ఎవరిస్తారు?"

జవాబు ఇంకా రాలేదు. బండీ ఇంకా కొనలేదు.