చేతి పెట్టెకు ఒక లెక్క, కార్గో పెట్టెకు మరో లెక్క

గల్ఫ్ నుంచి సామాను తెచ్చుకునేవారు మూట కట్టకముందే తెలుసుకోవలసిన సంగతులు

ఏలూరు: కొల్లేటి లంకల్లోనూ, డెల్టా పల్లెల్లోనూ ‘కువైట్ పెట్టె’ అంటే తెలియనివారుండరు. చుట్టూ టేపు అంటించి, నైలాన్ తాడు బిగించి, పైన పెద్ద అక్షరాలతో ఊరు, మండలం, ఫోను నెంబరు రాసిన అట్టపెట్టె అది. ఆటోలోంచి దించగానే ఇరుగుపొరుగు చేరతారు. అత్తగారికి దుప్పటి, చెల్లెలికి సెంటు సీసా, పిల్లలకు చాక్లెట్లు, ఖర్జూరం, ఇంటికి రైస్ కుక్కరు. రెండేళ్లు పరాయి ఇంట్లో అంట్లు తోమి, వాళ్ల పిల్లల్ని పెంచి కూడబెట్టిన జీతంలో కొంత ఆ పెట్టెలోనే ఉంటుంది. అలాంటి పెట్టె రేవులోనో, విమానాశ్రయం గిడ్డంగిలోనో ఆగిపోయి, సుంకం కట్టి తీసుకువెళ్లమని కబురు వస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించడానికి కూడా మనసు రాదు.

ఉభయ గోదావరి, కడప జిల్లాల నుంచి ఇంటి పనులకు గల్ఫ్ దేశాలకు, ముఖ్యంగా కువైట్‌కు, ఆడవాళ్లు వెళ్లడం కొత్త కాదు. 2006లో కొల్లేరులో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు లంకల్లో చాలామందికి చేతిలో పని పోయింది. అలాంటి రోజుల్లో దూరదేశపు జీతమే కొన్ని కుటుంబాలను నిలబెడుతుంది. పాత తరం వారు బొంబాయిలోనో, మద్రాసులోనో దిగి, టూ-ఇన్-వన్ టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని రైల్లో ఏలూరు చేరేవారు. ఇప్పుడు హైదరాబాదులో దిగుతున్నారు. 2022 అక్టోబరు ఆఖరున గన్నవరం నుంచి షార్జాకు నేరుగా విమానం మొదలైంది. దూరం తగ్గింది గాని, కస్టమ్స్ బల్ల దాటడం మాత్రం తప్పలేదు.

ఎక్కడ పొరపడుతున్నారు?

అందరికీ తెలిసిన మాట ఒకటుంది: ‘యాభై వేల రూపాయల సామాను వరకు సుంకం లేదు.’ 2016 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బ్యాగేజీ నిబంధనల్లో ఆ మాట ఉన్నది నిజమే. 2026 ఫిబ్రవరి 2 నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో అది రూ. 75,000 అయింది. అయితే ఈ మినహాయింపు ప్రయాణికురాలు తనవెంట విమానంలో తెచ్చుకునే సామానుకే. వెనుక నుంచి కార్గోలో, ఓడలో వచ్చే పెట్టెకు ఇది వర్తించదు. దానిలో వాడిన సొంత బట్టలవంటివి తప్ప కొత్త వస్తువు ఏది ఉన్నా సుంకానికి లోబడే ఉంటుంది. అసలు చిక్కంతా ఇక్కడే.

ఆకివీడు దగ్గరి ఒక పల్లె నుంచి వెళ్లిన మనిషి రెండేళ్ల తరువాత సెలవుకు వస్తున్నదనుకుందాం. విమానం వాళ్లు ఇంత బరువే అంటారు కనుక బట్టలు, సబ్బులు చేతి పెట్టెలో వేసుకుని, బరువైన కొత్త మిక్సీ, కుక్కరు, సౌండు సిస్టం కార్గోకు ఇచ్చింది. కార్గో కుర్రాడు ‘ఏమీ పడదక్కా’ అన్నాడు. ఫలితం ఏమిటి? చేతి పెట్టెలో ఉన్న సబ్బులకు వేల రూపాయల మినహాయింపు వాడకుండానే మిగిలిపోయింది. మినహాయింపు లేని పెట్టెలోకి కొత్త వస్తువులన్నీ చేరాయి. తిరగేసి సర్దుకుని ఉంటే సరిపోయేది: కొత్తవి వెంట, వాడినవి కార్గోలో.

భార్యాభర్తలు కలిసి వచ్చినా ఇద్దరి మినహాయింపులూ కలిపి ఒకే ఖరీదైన వస్తువుకు వాడుకోవడానికి వీల్లేదన్నది కూడా 2016 నిబంధనల్లోని మాటే.

తిరిగి రానివారికి వేరే దారి

కొలువు మానేసి ఇంటికి వచ్చేస్తున్నవారి సంగతి వేరు. దీన్ని నివాస మార్పిడి అంటారు. 2016 నిబంధనల్లో మూడు నెలల నుంచి ఆరు నెలలు విదేశంలో పనిచేసినవారికి రూ. 60,000, ఏడాది లోపువారికి లక్ష, గత రెండేళ్లలో కనీసం ఏడాది ఉన్నవారికి రెండు లక్షలు, రెండేళ్లు పైబడినవారికి అయిదు లక్షల విలువగల ఇంటి సామాను వరకు మినహాయించారు. 2026లో ఈ పరిమితులు కూడా పెరిగాయి.

రెండేళ్ల మినహాయింపుకు షరతులున్నాయి. ఆ రెండేళ్లలో ఇండియాకు వచ్చి ఉన్న రోజులన్నీ కలిపి ఆరు నెలలు దాటకూడదు. అంతకుముందు మూడేళ్లలో ఇదే రాయితీ వాడుకుని ఉండకూడదు. కనుక తల్లి జబ్బుకనో, చెల్లి పెళ్లికనో మాటిమాటికీ వచ్చి వెళ్లినవారు పాస్‌పోర్టు ముద్రలు లెక్క చూసుకోవాలి. వెనుక వచ్చే సామానుకు గడువు కూడా ఉంది: మనిషి రాకకు రెండు నెలలకు మించి ముందు దిగకూడదు, మనిషి వచ్చిన నెలలోపు అక్కడ ఓడకో విమానానికో ఎక్కించాలి. ఏజెంటు ‘గోడౌనులో పెట్టాం, నిండాక పంపుతాం’ అని మూడు నెలలు లాగితే నష్టపోయేది ఏజెంటు కాదు.

పెట్టె దిగాక 30 రోజుల్లో విడిపించుకోకపోతే నోటీసు ఇచ్చి అమ్మే అధికారం 1962 నాటి కస్టమ్స్ చట్టం ఇస్తోంది. ఈలోగా గిడ్డంగి అద్దె రోజురోజుకూ పెరుగుతుంది.

టీవీ, బంగారం

2013 ఆగస్టు 26 నుంచి పలక టీవీకి మినహాయింపు తీసేశారు. 2016 నిబంధనల్లో నివాస మార్పిడి వారికి కూడా ఇవ్వలేదు. 2018 తరువాత సర్‌చార్జితో కలిపి 38.5 శాతం పడుతూ వచ్చింది. అంటే ఇరవై వేల టీవీకి రూ. 7,700. ఏలూరు బజారులో దొరికే వస్తువును అంత దూరం నుంచి మోసుకురావడంలో అర్థం లేదు.

నగల విషయంలో ఏడాదికి పైగా విదేశంలో ఉన్న ఆడవారికి 40 గ్రాములు, అంటే అయిదు కాసులు, మగవారికి 20 గ్రాములు మినహాయింపు. కాని 2016లో ఆడవారికి లక్ష, మగవారికి యాభై వేలు అని విలువ కట్టు కూడా పెట్టారు. అప్పట్లో ఆ లెక్క ఇంచుమించు సరిపోయింది. 2025లో పది గ్రాములే లక్ష దాటేసరికి, అయిదు కాసుల అనుమతి కాగితం మీదే మిగిలింది. 2026లో విలువ కట్టు తీసివేసి తూకం ఒక్కటే ఉంచారు. ఇది నగలకే, బిస్కెట్లకు, నాణేలకు కాదు.

సుంకం పడే వస్తువు ఉంటే ఎర్ర దారిలో వెళ్లి నిజం చెప్పడమే మేలు. చెప్పినవారికి ఒక సదుపాయం ఉంది. సుంకం కట్టలేకపోతే వస్తువును అక్కడే అప్పగించి రసీదు తీసుకుని, తిరిగి గల్ఫ్ వెళ్లేటప్పుడు వెంట పట్టుకుపోవడానికి అడగవచ్చు. కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ ఇది. దాచి దొరికినవారికి ఈ దారి ఉండదు.

వెళ్లేటప్పుడు

గల్ఫ్ దేశాలు 2003 నుంచి దిగుమతులపై చాలా వస్తువులకు ఒకటే 5 శాతం సుంకం వేస్తున్నాయి; వాడిన సొంత సామానుతో అక్కడ పెద్ద పేచీ ఉండదు. పేచీ అంతా వంటింటి పొట్లాలతోనే. మన కోడికూరలో పడే గసగసాలు సౌదీలో, దుబాయి, అబుదాబిలు ఉన్న ఎమిరేట్స్‌లో మత్తు పదార్థం కింద నిషిద్ధం. సుంకం కట్టి విడిపించుకునే వస్తువు కాదది, జైలుకు దారి తీసే వస్తువు. అమ్మ ప్రేమతో కట్టిచ్చిన మసాలా పొడిలో అవి కలిసి ఉంటే, ఆ పొట్లం ఊళ్లోనే దించి వెళ్లాలి. పక్క వీధివారు ‘మా వాడికి ఇవ్వమ్మా’ అని కుట్టి ఇచ్చిన సంచీని కూడా వాళ్ల ఎదుటే విప్పి చూసి మరీ తీసుకోవాలి.