ప్లేగు కట్టడులు - పేదల వాడలు

1896వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన, బొంబాయి నగరమున మాండ్వీ పేటలో వైద్యము చేయుచుండిన డాక్టరు అకాసియో వీగాస్ తన రోగులలో కొందరికి వచ్చినది మామూలు జ్వరము కాదనియు, అది ప్లేగనియు గుర్తించెను. ఈ వ్యాధిలో తీవ్రమైన జ్వరము వచ్చును. గజ్జలలోగాని చంకలలోగాని గడ్డలు వాచును. తగిన చికిత్స లేనిచో రోగులలో సగముమందికి పైగా కొలది దినములలోనే మరణింతురు. మాండ్వీ రేవు ప్రక్కనున్న పేట. ధాన్యపు కొట్లు, వర్తకుల ఇండ్లు అచ్చట దట్టముగా నుండెను. ధాన్యమున్నచోట ఎలుకలుండుట వింత కాదు. ఆ ఎలుకలు చచ్చి పడుచుండుట కొందరు చూచిరి గాని, దాని భావమేమో అప్పటి కెవ్వరికిని తెలియదు.

తరువాతి రెండేండ్లలో ఆ నగరమున జరిగిన సంగతులు వైద్యశాస్త్రమునకు ఎంత ముఖ్యమో సంఘము నర్థము చేసికొనుటకును అంత ముఖ్యము. 2020లో తమ వీథులకు అడ్డముగా వెదురుబొంగులు కట్టుట చూచిన పిల్లలు ఇప్పుడు ఉన్నత పాఠశాలలలో చదువుకొనుచున్నారు. "అంటువ్యాధి కాలమున ప్రజలు ఆజ్ఞలకు ఏల ఎదురు తిరుగుదురు? తమ మేలు తామెరుగరా?" అని వారడుగుట సహజము. అజ్ఞానము అని ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చును. బొంబాయి వృత్తాంతము చూచినచో ఆ జవాబు చాలదని తెలియగలదు.

నాటి శాస్త్రము ఎంతవరకు ఎరుగును?

ప్లేగును కలిగించు బాక్టీరియాను 1894లో హాంగ్‌కాంగులో అలెగ్జాండర్ యెర్సాన్ కనుగొనెను. కావున 1896 నాటికి వ్యాధికారణము తెలిసినదే. అయితే ఆ బాక్టీరియా ఒకరినుండి మరియొకరికి ఏ దారిని పోవుచున్నదో తెలియదు. మురికి వలననియు, చెమ్మగిల్లిన నేల వలననియు, చెడుగాలి వలననియు, రోగిని తాకుట వలననియు పలువురు పలువిధముల చెప్పిరి. ఈ అభిప్రాయములన్నిటికిని ఒక సామాన్య లక్షణము కలదు. అవి అన్నియు వ్రేలు చూపించునది పేదవాని ఇంటివైపే. ఇరుకు, మురికి, చెమ్మ, జనసమ్మర్దము - ఇవి ఎవరి ఇండ్లలో నుండునో వేరుగ చెప్పనక్కరలేదు గదా! వ్యాధి మొదట పైకి వచ్చినది వర్తకుల పేటలోనైనను, కట్టడుల భారము మిల్లు కూలీలపై ఎక్కువగ పడుటకు ఇది ఒక కారణము.

అసలు దారి వేరు. ప్లేగు ప్రధానముగా ఎలుకల వ్యాధి. ఎలుక ఒంటిమీద ఫ్లీ అను రెక్కలులేని చిన్న పురుగు రక్తము పీల్చి బ్రదుకును. ఎలుక చచ్చి ఒడలు చల్లబడగానే ఆ పురుగు దానిని విడిచి మరియొక వెచ్చని దేహమును వెదకుకొనును. దగ్గర ఎలుక లేనిచో మనుష్యుని పట్టును. 1898లో కరాచీలో పాల్ లూయీ సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు జాడీలో ఒక ప్లేగు ఎలుకను, దానికి తగులకుండ తెర కావల ఒక ఆరోగ్యమైన ఎలుకను ఉంచెను. తెరగుండ పోగలిగినది ఫ్లీ మాత్రమే. రెండవ ఎలుకయు ప్లేగుతోనే చచ్చెను. ఇంత తేటయైన ప్రయోగమును చాలకాలము పలువురు నమ్మలేదు. 1905 తరువాత బొంబాయిలో పనిచేసిన పరిశోధక సంఘమువారు ప్లేగు ఇండ్లలో గినీపందుల నుంచి చూచిరి. సన్నని వలతో కప్పిన బోనులలోనివి బ్రదికెను, కప్పనివి ప్లేగుతో చచ్చెను. అప్పటికి సందేహము తీరినది. 1914లో బేకట్, మార్టిన్ అనువారు మరియొక సంగతి చూపిరి. బాక్టీరియా పెరిగి పెరిగి ఫ్లీ జీర్ణనాళమును మూసివేయును. దానికి ఎంత పీల్చినను ఆకలి తీరదు. ఆత్రముతో మరల మరల కుట్టును. మ్రింగబోయిన రక్తము బాక్టీరియాతో గూడ వెనుకకు వచ్చి కుట్టిన గాయములో పడును.

ఊపిరితిత్తులకు సోకిన ప్లేగు మాత్రము దగ్గు తుంపరల ద్వారా మనుష్యునినుండి మనుష్యునికి పోవును. గడ్డల ప్లేగు సాధారణముగా అట్లు పోదు. దీనిని బట్టి చూచిన, ఇంటింటికి పోయి రోగిని లాగుకొని పోవుట వలన కలిగిన లాభము స్వల్పము. కాలువలలోనికి ధారాళముగా నీరును మందులును వదలుట వలన ఎలుకలు బెదరి ప్రక్క వీథులకు చేరియుండవచ్చును. అధికారులు శత్రువును వెదకుచు శత్రువునే తరిమి నలుదిక్కులకు పంపిరన్నమాట. వారిని నిందించుటకు కాదు. ఆ కాలమున తెలిసినది అంతే. కాని తెలియనిదానిని తెలిసినంత గట్టిగా అమలు జరిపిరి, అదియే చిక్కు.

ఆసుపత్రి అన్న భయము

1896 అక్టోబరు 6వ తేదీన నగర కమిషనరు స్నో ఒక ఉత్తరువు చేసెను. దాని ప్రకారము ప్లేగు రోగిని ఇష్టమున్నను లేకున్నను ఆసుపత్రికి తరలింపవచ్చును. ఇండ్లలో ప్రవేశించి శుద్ధి చేయవచ్చును. అక్టోబరు 29వ తేదీన సుమారు వేయిమంది మిల్లు కార్మికులు ఆర్థర్ రోడ్డు ఆసుపత్రిపై బడి దాడి చేసిరి.

ఆసుపత్రిలో మనుష్యులను చంపి గుండెకాయలు తీయుచున్నారని నగరమంతట పుకారు పుట్టెను. ఇది మూఢత్వమని త్రోసివేయుటకు ముందు ఒక చిన్న లెక్క వేసి చూడుడు. ఒక వాడలో వందమందికి వ్యాధి వచ్చిన దనుకొందము. వారిలో నలుబదిమంది కోలుకొను వారే. కాని కోలుకొనునట్టి తేలిక రోగులను ఇంటివారు దాచిపెట్టుదురు. పట్టుబడునది కదలలేని స్థితికి వచ్చినవారు. అట్టి ఇరువదిమందిని ఆసుపత్రికి తీసికొనిపోగా పదునెనిమిదిమంది చనిపోవుదురు. వీథిలోనివారు చూచిన దేమి? ఇంటనున్నవారిలో సగమునకు దగ్గరగా బ్రదికిరి. బండి ఎక్కినవారిలో ఇద్దరు తప్ప తిరిగి రాలేదు. ఈ అంకెలు నేను కల్పించినవి గాని, పొరపాటు కల్పితము కాదు. పోల్చిన రెండు గుంపులు సమానమైనవి కావన్న సంగతి గణాంకశాస్త్రము చదివినవారు సైతము మరచుచుందురు. చదువురాని కూలివాడు తాను చూచినదానినుండి తర్కబద్ధముగనే తప్పు నిర్ణయమునకు వచ్చెను. భయము వలన దాచుట, దాచుట వలన ఆలస్యము, ఆలస్యము వలన మరణము, మరణము వలన మరల భయము - ఈ చక్రమును పోలీసు లాఠీ ఆపలేదు, మరింత వేగముగ త్రిప్పెను.

భయముతోబాటు కూలి డబ్బుల సంగతియు నుండెను. రోగితో కలిసి యున్నవారిని శిబిరములకు పంపినచో వారికి ఆ దినములకు కూలి లేదు. శుద్ధి పేరిట తగులబెట్టిన పరుపు, బట్టలు మరల కొనుటకు డబ్బు లేదు. గాలివెలుతురులకై ఇంటి పెంకులు తీసివేసిన తరువాత ఆ గదిలో కాపురము లేదు. ఒంటిగది ‘చాల్’ ఇండ్లలో నుండు వానికి ఇవియే సర్వస్వము. మన తెలంగాణ ప్రాంతమునుండి కూలికి పోయి, కామాఠీపురమునకు తమ పేరిచ్చిన శ్రామికులును ఈ నగరమున నివసించిన వారే.

ధనికులకు వేరు దారులుండెను. ఊరు విడిచి పోవచ్చును. సొంత వైద్యుని పిలిపించుకొనవచ్చును. రైలుస్టేషనులలో పరీక్షలు జరుగునపుడు దింపి నిలబెట్టునది ఎక్కువగా మూడవ తరగతివారిని. అయినను బీదలును పారిపోయిరి. 1891 లెక్కల ప్రకారము 8,21,764 మంది జనాభా గల నగరమునుండి 1897 ఫిబ్రవరి నాటికి సుమారు 3,80,000 మంది వెడలిపోయిరని అంచనా. మిల్లులలో పనివారు లేక యజమానులు జీతము నెలకు గాక ఏ రోజు కారోజు చెల్లించుటకు ఒప్పుకొనవలసి వచ్చెను.

ఈ ప్రకరణములో నాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది పాకీపనివారి సంగతి. వారు పారిపోయినచో ఊరు నివాసయోగ్యము కాకుండ పోవునని కమిషనరు స్నో భయపడెను. అక్టోబరు నెలాఖరున తన ఉత్తరువును సడలించుటకు ఇది ఒక ముఖ్య కారణము. సంఘములో అందరికంటె అట్టడుగున నుంచబడినవారే నగరారోగ్యమునకు ఆధారమని ప్రభుత్వమునకు అప్పుడు గుర్తుకు వచ్చినది!

చట్టము, తిరుగుబాటు, సడలింపు

1897 ఫిబ్రవరి 4వ తేదీన అంటువ్యాధుల చట్టము వచ్చెను. అందు నాలుగే సెక్షనులు. ప్రభుత్వమునకు విశాలమైన అధికారములు, ఆజ్ఞ మీరినవానికి శిక్ష, అధికారులపై దావాలు లేకుండ రక్షణ - ఇదియే సారాంశము. నష్టపరిహార మేదైన ఉన్నచో దాని నెవరు భరింపవలెనో నిర్ణయించు అధికారము ప్రభుత్వమున కిచ్చిరి. చెల్లించి తీరవలెనని మాత్రము ఎక్కడను లేదు.

పూనాలో సైనికులు ఇండ్లు సోదా చేసిరి. ఆ నగరముననే ప్లేగు రోగులకు సేవ చేయుచు సావిత్రీబాయి ఫూలే 1897 మార్చి 10వ తేదీన ఆ వ్యాధికే బలియయ్యెను. జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చిరి. బొంబాయిలో 1898 మార్చి 9వ తేదీన, ముస్లిము నేతగాండ్ర వాడలో ఒక బాలికను పరీక్షించుటకు వచ్చిన బృందముతో తగవు పుట్టి అది పెద్ద అల్లరిగా మారెను. పోలీసులు కాల్పులు జరిపిరి. ఇరువైపుల ప్రాణములు పోయెను.

అటుపిమ్మట ప్రభుత్వము పద్ధతి మార్చినది. బలవంతపు సోదాలు తగ్గెను. ఆయా మతములవారు, కులములవారు నడుపుకొను ఆసుపత్రులను ప్రోత్సహించిరి. తన మనుష్యులు ప్రక్కనుండ, తన అలవాటు చెడకుండ వైద్యము దొరకునన్న తరువాత దాచుట కొంత తగ్గెను. అయితే కులమునకొక ఆసుపత్రి కట్టగలిగినది డబ్బున్న కులములే. హాఫ్కిన్ 1897 జనవరి 10వ తేదీన మొదట తన దేహముననే పరీక్షించుకొనిన టీకాను ఇష్టమున్నవారికి వేయసాగిరి. ఇన్ని చేసినను ప్లేగు ఆగలేదు. తరువాతి ముప్పది ఏండ్లలో దేశమున కోటికి పైగా జనులను పొట్టన పెట్టుకొనెను.

ఆ 1897 నాటి చట్టమునే మన దేశమున 2020లో కోవిడ్ వచ్చినపుడు మరల ప్రయోగించిరి. ఏప్రిల్ 22వ తేదీన ఒక ఆర్డినెన్సు ద్వారా దానిని సవరించి, వైద్యసిబ్బందిపై దాడి చేసినవారికి కఠినశిక్షలు చేర్చిరి. ఇది అవసరమే, దెబ్బలు తిన్న నర్సుల సంగతి పత్రికలలో చూచితిమి. కాని నిర్బంధములో నున్నవాని కూలికి ఆ సవరణలో చోటు దొరకలేదు.

ప్లేగు విషయమున శాస్త్రము తెలియక పొరపాటు జరిగినది. శాస్త్రము తెలిసినచో అట్లు జరుగదని అనుకొనుటకును వీలులేదు. 2020 జూలై 4వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున, ప్రభుత్వము తక్కువ అద్దెకిచ్చిన తొమ్మిది ఎత్తైన భవనములను ముందుమాట లేకుండ ఆ సాయంకాలమే మూసివేసి చుట్టు పోలీసులను నిలిపిరి. లోపల నున్నవారు సుమారు 3,000 మంది; వారిలో పలువురు ఇతర దేశములనుండి వలసవచ్చినవారు. కోవిడ్ గాలిద్వారా వ్యాపించును. ఉమ్మడి లిఫ్టులు, ఇరుకు వసారాలు గల ఇండ్లలో ప్రమాద మెక్కువ. కనుక కట్టడి యనునది అక్కడ శాస్త్రసమ్మతమే. కాని అదే నగరమున తక్కినవారికి ముందుగా తెలిపి కట్టడులు విధించిరి. వీరికి పాలు కొనితెచ్చుకొను వ్యవధియైన లేదు. కొందరికి భోజనము, మందులు సకాలమున అందలేదు. ఆ లోటును మొదట పూరించినది ఆ భవనములవారి యువకులును, చుట్టుప్రక్కల స్వచ్ఛంద సేవకులును. ఎనిమిది భవనములను అయిదు దినములకు విడిచిరి. తొమ్మిదవ దానిని రెండు వారములు మూసియుంచిరి.

ఆ రాష్ట్రపు అంబుడ్స్‌మన్ డెబొరా గ్లాస్ విచారించి, ఆ సంవత్సరము డిసెంబరులో నివేదిక నిచ్చెను. కట్టడి విధించుట సమంజసమే గాని, ఆ క్షణముననే విధింపవలెనని వైద్యాధికారులు చెప్పలేదనియు, ఆ తొందర మానవహక్కుల చట్టమునకు విరుద్ధమనియు ఆమె తేల్చెను. ప్రాణములు కాపాడినందుకు క్షమాపణ చెప్పబోమని గృహవసతి మంత్రి జవాబిచ్చెను. 2023లో, నివాసులు వేసిన వ్యాజ్యమును పరిష్కరించుకొనుటకై ప్రభుత్వము వారికి 50 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను.