దుబాయి జీతానికి సాక్ష్యం

దుబాయిలోని సోనాపూర్ లేబర్ క్యాంపుల్లో నెల మొదట్లో వచ్చే సెలవురోజు ఒకప్పుడు జాతరలా ఉండేది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్లు గుంపుగా బస్సెక్కి ఇంటికి డబ్బు పంపే మనీ ఎక్స్ఛేంజ్‌కు వెళ్లేవారు. ఏ కౌంటర్లో రేటు ఎక్కువుందో కనుక్కొని, ఫారం నింపిపెట్టమని ఇంగ్లిష్ వచ్చినవాణ్ని బతిమాలుకునేసరికి పూట గడిచిపోయేది. ఇప్పుడు ఆ పని బంకు మంచం మీదే అయిపోతోంది. యాప్ తెరిస్తే ఇవాళ్టి దిర్హాం రేటెంత, రుసుమెంత, ఇంటిదాని ఖాతాలో పడే రూపాయలెన్ని అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

ఇది చిన్న వ్యవహారం కాదు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో ప్రవాసులు మన దేశానికి పంపిన సొమ్ములో యూఏఈ వాటా 19.2 శాతం. అమెరికా తర్వాతి స్థానం దానిదే. అన్ని దేశాల నుంచీ వచ్చిన మొత్తంలో 8.1 శాతం తెలంగాణకు, 4.4 శాతం ఆంధ్రప్రదేశ్‌కు చేరాయి.

డిజిటల్ బ్యాంకింగ్ అనగానే అందరూ వేగం గురించే మాట్లాడతారు. కార్మికుడికి అంతకన్నా పెద్ద మేలు 2009లోనే మొదలైందని నా నమ్మకం. ఆ ఏడాది యూఏఈ వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ తెచ్చింది. అంతకుముందు చాలాచోట్ల జీతం చేతికి నగదుగా వచ్చేది. యజమాని రెండు నెలలు ఎగ్గొట్టినా, ఒప్పుకున్నదాంట్లో కోత పెట్టినా కార్మికుడి దగ్గర కాగితం ముక్క ఉండేది కాదు. ఇప్పుడు కంపెనీ ప్రతి కార్మికుడి జీతం వివరాలతో ఒక ఫైలును బ్యాంకు ద్వారా పంపాలి. అది సెంట్రల్ బ్యాంకు వ్యవస్థ గుండా వెళ్తుంది, కార్మిక శాఖ దగ్గరున్న ఒప్పందంతో సరిచూస్తారు, ఆ తర్వాత డబ్బు జీతం కార్డులో పడుతుంది. గడువు దాటి 15 రోజులైనా జీతం పడకపోతే జాప్యం కింద లెక్క. ఆపైన ఆ కంపెనీకి కొత్త వర్క్ పర్మిట్లు ఆగిపోతాయి. ఫిర్యాదు చేసే నాడు ఆ లెక్కే కార్మికుడి తరఫు సాక్షి.

అయితే కార్డు ఎవరి జేబులో ఉందన్నది కంప్యూటరుకు తెలియదు. కార్డునూ పిన్‌నూ సూపర్‌వైజర్ తన దగ్గరే పెట్టుకుంటే, లేదా జీతం పడ్డాక ఏటీఎం దగ్గరే కొంత వెనక్కి గుంజుకుంటే, రికార్డులో మాత్రం అంతా సవ్యంగానే ఉంటుంది. ఇళ్లలో పనిచేసేవారి విషయానికొస్తే, 2023లో కొన్ని రకాల ఉద్యోగాలకే ఈ పద్ధతిని తప్పనిసరి చేశారు. కోనసీమ నుంచో కడప నుంచో వెళ్లి వంటింట్లో పనిచేసే ఆడబిడ్డకు కదా ఇది ముందు అందాల్సింది!

ఇక ఖల్లివల్లి అయినవాళ్ల, అంటే సరైన కాగితాలు లేకుండా మిగిలిపోయినవాళ్ల గోస వేరు. చెల్లుబాటయ్యే ఎమిరేట్స్ ఐడీ లేకపోతే ఖాతా లేదు, యాప్ లేదు. వాళ్లకు మిగిలింది బ్యాంకుతో పనిలేకుండా దళారుల చేతిమీదుగా డబ్బు పంపే హుండీయే. ఆ సొమ్ము మధ్యలో మాయమైతే ఏ స్టేషన్‌కు వెళ్లగలరు?

2023 జులైలో అబుదాబిలో రెండు దేశాల కేంద్ర బ్యాంకులు ఒప్పందాలు చేసుకున్నాయి. రూపాయి, దిర్హాంలలోనే నేరుగా చెల్లింపులు జరపడం, మన యూపీఐని యూఏఈ తక్షణ చెల్లింపుల వ్యవస్థతో కలపడం వాటి ఉద్దేశం. ‘ఆనీ’ పేరుతో ఆ యూఏఈ వ్యవస్థ అదే ఏడాది అక్టోబరులో మొదలైంది. రూపే సాంకేతికతతో తయారైన ‘జైవాన్’ కార్డు 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మాల్‌లో క్యూఆర్ కోడ్ మీద ఫోన్ పెట్టి యూపీఐతో చెల్లించే సౌకర్యం మన పర్యాటకులకు దక్కింది. మంచిదే. కానీ ఈ వంతెన విలువను క్యాంపులో ఉన్నవాడు ఇంటికి పంపే ప్రతి వెయ్యి దిర్హాంల మీద ఎంత రుసుము తగ్గిందన్న లెక్కతోనే కొలవాలి. డబ్బు పంపే యాప్‌లు తెలుగులోనూ మాట్లాడాలి. అర్థంకాని భాషలో వచ్చే మెసేజే మోసగాడికి దారి.

గల్ఫ్‌లో మీవాళ్లుంటే ఈసారి ఫోన్ చేసినప్పుడు జీతం కార్డు ఎవరి దగ్గరుందో అడగండి. ఇంకొకరి దగ్గరుంటే వెంటనే తీసుకొమ్మనండి, పిన్ మార్చుకొమ్మనండి. నెలనెలా జీతం పడ్డ మెసేజ్ ఫొటో మీకు పంపమనండి. జీతం ఆగితే దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం నంబరు 80046342.