చూపిస్తేనే కదా చూసేది!

"ఆడవాళ్ల ఆటలు ఎవరు చూస్తారమ్మా?" ఈ మాట వినబడని ఇల్లుండదు. క్రికెట్ ఉందంటే భోజనాలు కూడా టీవీ ముందుకే నడిచొచ్చే ఇళ్లలో, ఆడపిల్లలు ఆడుతున్నారనగానే చానెల్ మారిపోతుంది. అమెరికాలోనూ ఇదే వరస. అక్కడ ఈ మాటకి ఏళ్ల తరబడి జవాబు చెబుతూ వస్తున్నవాళ్లు బాస్కెట్‌బాల్ అమ్మాయిలు.

మగవాళ్ల లీగ్ ఎన్‌బీఏ, 1996లో ఆడవాళ్ల కోసం డబ్ల్యూఎన్‌బీఏ పెట్టడానికి ఒప్పుకుంది. 1997 జూన్ 21న లాస్ ఏంజెలెస్ దగ్గర జరిగిన మొదటి మ్యాచ్‌కి 14 వేల మందికి పైగా వచ్చారు. ఎండాకాలంలోనే ఎందుకంటారా? మగవాళ్ల సీజన్ అయిపోయి స్టేడియాలూ, టీవీలో గంటలూ ఖాళీగా ఉండేది అప్పుడే మరి. అందరూ తిన్నాక మనం కంచం పెట్టుకున్నట్టు!

ఆ ఖాళీయే వాళ్లని నిలబెట్టింది. ఎన్‌బీసీ, ఈఎస్‌పీఎన్‌లతో పాటు లైఫ్‌టైమ్ అనే ఆడవాళ్ల చానెల్ కూడా మ్యాచ్‌లు చూపించింది. అంతకు కొన్ని నెలల ముందే ఏబీఎల్ అని ఇంకో మహిళల లీగ్ మొదలైంది. జీతాలు అక్కడే మెరుగు. కానీ టీవీ అండ లేదు. 1998 డిసెంబర్‌లో సీజన్ మధ్యలోనే మూతపడింది.

టీవీలో కనబడినా డబ్బు మాత్రం వెంటనే రాలేదు. చాన్నాళ్లు, చూపించడమే గొప్ప అన్నట్టు నడిచింది. కథకి పారితోషికం అడిగితే "అచ్చయింది కదమ్మా" అన్న సంపాదకుణ్ణి చూసినదాన్ని, ఆ ధోరణి నాకు కొత్త కాదు. ప్రసార హక్కులకి రుసుము ఇచ్చే ఒప్పందం 2007లో గానీ కుదరలేదు.

మొదటి ఏడాది మాటే ఇంకొకటి చెప్పాలి. షెరిల్ స్వూప్స్ అనే పేరున్న క్రీడాకారిణి 1997 జూన్‌లో బిడ్డని కని, ఆరు వారాలకే కోర్టులోకి దిగింది. మన పెద్దవాళ్లు బాలింతని గుమ్మం కూడా దాటనివ్వని రోజులవి. మెచ్చుకోవాలో జాలిపడాలో నాకైతే తెలియలేదు. ప్రసూతి సెలవుకి పూర్తి జీతం, బిడ్డ ఉన్న తల్లికి రెండు పడగ్గదుల ఇల్లు 2020 ఒప్పందంలో గానీ రాలేదు. అంటే ఇరవై మూడేళ్లు!

జీతాలు చాలక, ఎండాకాలం అక్కడ ఆడి, చలికాలం రష్యాకో టర్కీకో వెళ్లి ఆడేవాళ్లు. 2015లో డయానా టొరాసీకి రష్యా క్లబ్బు "ఈ ఎండాకాలం అమెరికాలో ఆడకు, విశ్రాంతి తీసుకో, డబ్బు మేమిస్తాం" అంది. ఆమె సరేనంది! సొంతూళ్లో ఆడితే వచ్చేదానికంటే ఆడకపోతేనే ఎక్కువ వచ్చింది మరి.

ఇక 2024. ఆ ఏప్రిల్‌లో కాలేజీ అమ్మాయిల ఫైనల్‌ని సగటున కోటీ 80 లక్షల మందికి పైగా చూశారు. ఆ ఏడాది అబ్బాయిల ఫైనల్‌కి అంతమంది లేరు. అందులో ఆడిన కైట్లిన్ క్లార్క్‌ని ఇండియానా ఫీవర్ జట్టు మొదటి ఎంపికగా తీసుకుంది. తొలి ఏడాది జీతం 76 వేల డాలర్ల చిల్లర. మగవాళ్లలో మొదటి ఎంపిక కుర్రాడికి కోటి దాటుతుంది. జట్లన్నిటికీ ప్రత్యేక విమానాలు వచ్చిందీ ఆ ఏడాదే. అంతవరకూ ఆరడుగుల పైబడిన ఆ అమ్మాయిలు మామూలు విమానాల్లో మోకాళ్లు ముడుచుకుని తిరిగేవారు.

అదే ఏడాది జులైలో డిస్నీ, అమెజాన్, ఎన్‌బీసీలతో 11 ఏళ్ల ప్రసార ఒప్పందం కుదిరింది. 2026 నుంచి అమలు. ఆడవాళ్ల వాటా 220 కోట్ల డాలర్లు. వినడానికి బాగుంది గానీ, మగవాళ్ల లీగ్ హక్కులతో కలిపి ఒకే బేరంగా అమ్మారు. మొత్తం సుమారు 7,600 కోట్లు. బియ్యం, పప్పు ఒకే సంచిలో పోసి అమ్మితే పప్పు ఎంతకి పోయిందో ఎవరు తేలుస్తారు? క్రీడాకారిణుల సంఘం కూడా తమకి తక్కువ విలువ కట్టారనే అంది.

2025 జులైలో ఇండియానాపోలిస్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్ జరిగింది. ఆటకి ముందు అమ్మాయిలందరూ "మాకు రావాల్సింది మాకివ్వండి" అని రాసిన చొక్కాలు వేసుకుని వచ్చారు. మ్యాచ్ అయ్యాక లీగ్ కమిషనర్ ట్రోఫీ ఇస్తుంటే, స్టేడియంలో కూర్చున్న జనం "ఇవ్వండి, వాళ్లకివ్వండి" అని అరవడం మొదలుపెట్టారు. టీవీలో అదీ వచ్చింది.