ఎవరి వంటిల్లు వారిదే, భోజనశాల అందరిది

1964వ సంవత్సరమున డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ సమీపమందలి హారెస్కవ్‌లో యాన్ గుడ్మన్ హోయర్ అను వాస్తుశిల్పియు, ఆతని మిత్రులును కొంత భూమి కొనిరి. పండ్రెండిండ్లు, వాని నడుమ అందరికిని చెందిన యొక పెద్ద యిల్లు: ఇది వారి సంకల్పము. అధికారులు సమ్మతించిరి, పొరుగువారు మాత్రము సమ్మతింపరైరి. అంతమంది పిల్లలు ఒక్కచోట చేరినచో అల్లరి మితిమీరునని వారి భయము. తుదకు ఆ భూమిని అమ్ముకొనక తప్పలేదు.

పిల్లల అల్లరికి వెరచి వలదన్న ఆ వాడ, పిల్లల పేరనే మరల ప్రాణము పోసికొనుట విచిత్రము. ప్రతి శిశువునకును వందమంది తల్లిదండ్రులుండవలెనను శీర్షికతో 1967లో బోడిల్ గ్రో అను రచయిత్రి ఒక దినపత్రికలో వ్యాసము వ్రాసెను. మరుసటి యేడు హోయర్ తన పథకమును గూర్చి వ్రాసెను. ఈ వ్యాసములు ఒకచోటికి చేర్చిన కుటుంబములలో కొన్ని 1972 నాటికి హిల్లెరోడ్ పట్టణము చెంత సెట్టెడామెన్ అను వాడను నిర్మించుకొనిరి. ఇండ్లు 27.

ఇది మన ఉమ్మడి కుటుంబము వంటిది కాదు. ఎవరి సంపాదన వారిది. ఎవరి వంటిల్లు వారిదే. అయినను పెద్ద భోజనశాల, బట్టలుతుకు గది, పనిముట్ల గది, అతిథుల గది వంటివి అందరివి. ఏటికి పదినాళ్లు చుట్టము వచ్చునని ప్రతి యింటను ఒక గది కట్టి, చలికాలమెల్ల దానిని వెచ్చచేయుట యెందులకు? ఆ గది తగ్గినచో ఇటుకయు తగ్గును, ఇంధనమును తగ్గును. గోడకు గోడ ఆనించి కట్టినచో వేడిమి వెలికి పోవుటయు తక్కువ.

కాని పొదుపు లెక్కలతో పొరుగుతనము పుట్టదు. అందుకు ఇండ్ల అమరికలోనే నేర్పు కావలెను. ఇట్టి వాడలలో కార్లను సాధారణముగా అంచుననే నిలుపుదురు. అందుచేత ఇల్లు చేరువాడు నాలుగు గుమ్మముల ముందుగా నడువక తప్పదు. వంటింటి కిటికీ ఆ బాటవైపే తెరచుకొనును. వంట చేయుచునే తల్లి ఆటలాడు బిడ్డను చూడగలదు. తండ్రియు చూడగలడు, అక్కడ గరిట పట్టు వంతు పురుషులకును వచ్చును మరి! ఉమ్మడి గృహమును అందరును నడచు దారిలోనే కట్టుదురు. మూలకు నెట్టినచో దానికి తాళము పడును.

కష్టము లేకపోలేదు. స్థలము మొదలు వంటల వంతు వరకు అందరును సభచేసి తేల్చుకొనవలెను. ఆ చర్చలకే యేండ్లు పట్టును. ఓపిక నశించి నడుమ వెడలిపోవువారును కలరు.

2000లో రోస్కిల్డె పట్టణము చెంత వెలసిన ముంక్సోగార్‌లో ఇండ్లు 100. ఇరువదేసి యిండ్ల గుంపులు అయిదు. గుంపునకొక ఉమ్మడి గృహము. కొన్ని కార్లను పలువురు పంచుకొని వాడుకొందురు. ఆ గుంపులలో ఒకటి యువజనులకు, ఒకటి వయసు మళ్లినవారికి, తక్కినవి పిల్లలుగల కుటుంబములకు.