మెయిన్‌ఫ్రేమ్ డిస్కులో వినియోగార్హ నిల్వ సామర్థ్యం: నెల్లూరు జిల్లా జనాభా ఆధారంగా ఒక గణన

వ్యాససంగ్రహం:
డిస్కుకు ప్రకటించిన సామర్థ్యం వేరు, అందులో దత్తాంశానికి వాస్తవంగా దక్కే చోటు వేరు. ఈ భేదానికి గల కారణాలను ఐబీఎం 3390 డిస్కు కొలతల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మెయిన్‌ఫ్రేమ్, ట్రాక్, సిలిండర్, బ్లాక్, నిల్వ సామర్థ్యం.

1. ప్రవేశిక:
1964లో ఐబీఎం సిస్టమ్/360తో వచ్చిన కౌంట్-కీ-డేటా పద్ధతిలో బ్లాకు పరిమాణం స్థిరం కాదు. దానిని వినియోగదారుడు నిర్ణయించవచ్చు. 1989లో విడుదలైన 3390 డిస్కు ఈ పద్ధతినే అనుసరించింది. నేటి నిల్వ యంత్రాలలో ఆ డిస్కులు భౌతికంగా లేకపోయినా, జెడ్/ఓఎస్‌కు అవి 3390 రూపంలోనే కనిపిస్తాయి. కనుక ఆ కొలతలు నేటికీ ప్రామాణికాలే.

2. డిస్కు కొలతలు:
ఒక ట్రాకులో గరిష్ఠంగా 56,664 బైట్లు పడతాయి. 15 ట్రాకులు కలిస్తే ఒక సిలిండర్, అనగా 8,49,960 బైట్లు. మోడల్ 3లో 3,339 సిలిండర్లు, అంటే సుమారు 284 కోట్ల బైట్లు ఉంటాయి. అయితే ట్రాకు మొత్తాన్ని ఒకే బ్లాకుగా రాసినప్పుడే ఈ సంఖ్య వర్తిస్తుంది. ప్రతి బ్లాకుకూ గుర్తింపు సమాచారం, దోష పరిశీలన బైట్లు, నడుమ ఖాళీ జాగా అదనంగా కావాలి. బ్లాకు చిన్నదయ్యేకొద్దీ ఈ వ్యయం పెరుగుతుంది.

3. అన్వయం:
2011 జనగణన ప్రకారం వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలతో కూడిన నెల్లూరు జిల్లా జనాభా 29,63,557. ఒక్కొక్కరికి 80 బైట్ల రికార్డు చొప్పున నిల్వ చేయాలనుకుందాం. మొత్తం బైట్లను సిలిండర్ పరిమాణంతో భాగిస్తే 279 సిలిండర్లు చాలుననిపిస్తుంది.

అ) ప్రతి రికార్డునూ విడి బ్లాకుగా రాస్తే ట్రాకుకు 78 రికార్డులే పడతాయి. అప్పుడు 37,995 ట్రాకులు, అనగా 2,533 సిలిండర్లు కావాలి.

ఆ) 349 రికార్డులను 27,920 బైట్ల బ్లాకుగా కూర్చితే ట్రాకుకు రెండు బ్లాకులు, అనగా 698 రికార్డులు పడతాయి. అప్పుడు 4,246 ట్రాకులు, అనగా 284 సిలిండర్లు సరిపోతాయి.

దత్తాంశం ఒకటే అయినా అవసరమైన చోటులో దాదాపు తొమ్మిది రెట్ల భేదం ఉంది. మొదటి పద్ధతిలో మోడల్ 3 డిస్కులో మూడు వంతులకు పైగా (నాలుగింట) ఈ ఒక్క ఫైలుకే పోతుంది.

4. ఇతర పరిమితులు:
డిస్కు లేబుల్, ఫైళ్ల వివరాలుండే వీటాక్ కొంత చోటు తీసుకుంటాయి. పైగా సాధారణ వరుస ఫైలు ఒక డిస్కులో 16 ముక్కలకు మించి విస్తరించలేదు. ఖాళీ స్థలం చిన్న ముక్కలుగా చెదిరి ఉంటే, మొత్తం మీద చోటు మిగిలి ఉన్నా పని మధ్యలో బీ37 దోషంతో ఆగిపోవచ్చు.

5. ముగింపు:
బైట్లను బైట్లతో భాగించడం సరైన అంచనా కాదు. ముందు ట్రాకుకు పట్టే రికార్డులను, ఆపై ట్రాకులను, సిలిండర్లను లెక్కించి, చివరగా వీటాక్ అవసరాన్నీ భావి వృద్ధినీ కలపడమే శాస్త్రీయమైన క్రమం.